కన్నాంబ గొంతు: పద్యం నుంచి వచనానికి, వచనం నుంచి వంటింటికి

పాత తమిళ సినిమాల్లో సంభాషణ గొప్పగా పలికిన నటీమణుల ప్రస్తావన వస్తే, తమిళులే ముందుగా చెప్పే పేర్లలో పి. కన్నాంబ ఒకటి. ఆవిడది తమిళ దేశం కాదు. కడపలో పుట్టింది, ఏలూరులో పెరిగింది. తమిళ సంభాషణలను తెలుగు లిపిలో రాయించుకుని కంఠతా పట్టేది. అయినా తమిళ కావ్యం ‘శిలప్పదికారం’ నాయిక కణ్ణగి అనగానే ఆ తరం తమిళులకు ఆవిడ ముఖమే గుర్తుకొచ్చేది.

మన తెలుగువాళ్ళలో చాలామందికి గుర్తున్న కన్నాంబ వేరు. ఎస్వీ రంగారావు పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడే పెద్దింటి ఇల్లాలు, కన్నీళ్ళు కొంగుతో ఒత్తుకునే తల్లి. ఈవిడే ఒకప్పుడు గుర్రమెక్కి కత్తి తిప్పిందనీ, ద్రౌపదిగా సభను గడగడలాడించిందనీ చెబితే నమ్మడం కష్టం. రంగస్థల నటుల సినిమా నటన ‘నాటకీయంగా’ ఉంటుందని మనం అలవాటుగా ఓ మాట అనేస్తుంటాం. మరి అదే నటి 1957లో ‘తోడికోడళ్ళు’లో అంత తగ్గించి ఎలా నటించింది? అంత తగ్గించడం తెలిసిన మనిషి, అంతకు మూడేళ్ళ ముందు 1954లో ‘మనోహర’లో అంత గట్టిగా ఎందుకు గర్జించింది?

వయసుతో పాటు నటన పండిందని సరిపెట్టుకోవచ్చు. కానీ తేదీలు అందుకు ఒప్పుకోవు. నా మటుకు నాకు తోచిన కారణం గొంతు. అప్పటి సినిమా మనిషి గొంతుతో ఏం పని చేయించుకోవాలనుకున్నదన్న సంగతి ముప్పై ఏళ్ళలో కనీసం రెండుసార్లు మారింది. మారిన ప్రతిసారీ కన్నాంబ దగ్గర అందుకు సరిపడే సరుకు ఉంది. ఆ సరుకంతా నాటకంలో సంపాదించుకున్నదే.

మైకు లేని చోట నేర్చిన చదువు

1920లలో తెలుగు నాటకం అంటే ప్రధానంగా పద్యం. పెట్రోమాక్సు లైట్లు, హార్మోనియం, తెర ముందు వేలకొద్దీ జనం. మైకు లేదు. ఎక్కడో చివర చాప పరుచుకుని కూర్చున్నవాడికి పద్యంలో ప్రతి అక్షరం వినపడాలి. నచ్చితే ‘వన్స్‌మోర్’ అంటారు, చచ్చి పడున్న పాత్రధారి కూడా లేచి మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. నచ్చకపోతే ఈలలు. రాగం సాగదీయడం, పాదం చివర గొంతు నిలపడం, ఏడుపులో కూడా శ్రుతి తప్పకపోవడం అన్నవి అక్కడి ప్రాథమిక పాఠాలు.

ఆడ పాత్రలు ఎక్కువగా మగవాళ్ళే వేసేవారు. సురభి కుటుంబాల వారి నాటకాలు ఇందుకు మినహాయింపు. వాళ్ళ ఆడవాళ్ళే ఆడ వేషాలు కట్టేవారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా సురభి కమలాబాయి కనిపించడానికి వెనకున్నది ఆ సంప్రదాయమే. మిగతా సమాజాల్లో మాత్రం స్థానం నరసింహారావు లాంటి మహానటుల హవా నడిచేది. ఆయన సత్యభామగా వస్తే ఆడవాళ్ళు కూడా ఆ నడక చూసి నేర్చుకోవాలనుకునేవారట.

కన్నాంబ రంగప్రవేశం గురించి సినిమా పత్రికలు ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వస్తున్న కథ ఒకటుంది. ఏలూరులో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారు. చంద్రమతి వేషం కట్టిన మగనటుడు లోహితాస్యుడి శవం ముందు ఏడ్చే ఘట్టం పాడలేక పాడుతుంటే జనం గోల చేశారు. చూడ్డానికి వచ్చిన కన్నాంబ, అప్పటికింకా చిన్నపిల్ల, నేను పాడతానంటూ వేదిక ఎక్కేసింది. జనం నిశ్శబ్దమైపోయారు. ఇలాంటి కథలకు కాలక్రమంలో కొంత రంగు అంటుకోకుండా ఉండదు కాబట్టి నేను దీన్ని అక్షరాలా పట్టుకోను. కానీ కథలో ఏ ఘట్టం ఎంచుకున్నారో గమనించండి. చంద్రమతి శోకం! ఆడమనిషి గొంతులో తల్లి ఏడుపు వినాలన్న ఆకలి ఆ కాలపు ప్రేక్షకుల్లో ఉందని మాత్రం ఇది చెబుతుంది. మగవాడు సత్యభామ అలకను ఎంత అందంగా చూపినా, బిడ్డ పోయిన తల్లి గొంతు తీసుకురావడం వేరే పని.

తర్వాత ఆవిడ నాటక సమాజంలో చేరింది. నాటకాలంటే ప్రాణం పెట్టే కడారు నాగభూషణంతో పెళ్ళయింది. ఇద్దరూ కలిసి రాజరాజేశ్వరి పేరుతో నాటక సమాజం నడిపారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

టాకీకి కావలసింది పాట కాదు, ఓపిక

1935లో పి. పుల్లయ్య ‘హరిశ్చంద్ర’ తీశారు. అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, కన్నాంబ చంద్రమతి. సినిమాలో ఆవిడ తొలి వేషం కూడా అదే పాత్ర కావడం యాదృచ్ఛికం కాదు. అప్పటి నిర్మాతలు సినిమా కోసం నటులను వెతకలేదు. నాటకంలో పేరుపడ్డ వేషాన్ని వేషధారితో సహా పట్టుకొచ్చి కెమెరా ముందు నిలబెట్టేవారు.

ఎందుకలా? ఇప్పటి వాళ్ళకు ఇది కొంచెం విడమరచి చెప్పాలి. ఆ రోజుల్లో ప్లేబ్యాక్ లేదు. నటించేవాళ్ళే పాడాలి, అదీ కెమెరా తిరుగుతుండగానే. వాద్యకారులు ఫ్రేములో పడకుండా చెట్టు చాటునో సెట్టు చాటునో నక్కి కూర్చునేవారు. మైకు ఎక్కడో పైన దాగి ఉండేది. తల అటు తిప్పితే మాట పోతుంది, పాదం తప్పితే షాటు మొత్తం మళ్ళీ మొదటికి. ముడి ఫిలిం ఖరీదు. స్టూడియోలేమో బొంబాయిలోనో కొల్హాపూరులోనో కలకత్తాలోనో ఉండేవి, రోజులు లెక్కపెట్టుకుంటూ అద్దె కట్టాలి. ఇంత టెన్షన్‌లో తడబడకుండా ఒకే ఊపులో పద్యం, పాట, మాట, కన్నీరు ఇవ్వగలిగినవాళ్ళు రాత్రికి ఆరేడు గంటలు వేదిక మీద గడిపిన నాటకంవాళ్ళు తప్ప ఎవరుంటారు? నాటకీయత అంటూ మనం చిన్నచూపు చూసేదే ఆనాటి సాంకేతిక అవసరం. మైకు వైపు ముఖం పెట్టి, నిలువుగా నిలబడి, గొంతు ఎత్తి పలకడం రికార్డింగ్ యంత్రం కోరిన నటన.

ఇక్కడ ఒక పిడకల వేట. 1936లో ద్రౌపది కథ మీద రెండు తెలుగు సినిమాలు పోటీపడ్డాయి. ఒకదాంట్లో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ. నాటక రంగంలో పద్యాల సాగతీతను వద్దన్న మనిషి, సహజ నటన కోసం పోట్లాడిన మనిషి. ఆ సినిమా ‘ద్రౌపదీ మానసంరక్షణం’. రెండోది హెచ్.వి. బాబు తీసిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. గెలిచింది రెండోదే. పద్యం అలవాటైన జనం పద్యానికే ఓటు వేశారని దీన్ని చదవవచ్చు. నాకైతే ఆ చదువు సగమే అనిపిస్తుంది. ద్రౌపది కథలో గొంతెత్తాల్సింది దుర్యోధనుడు కాదు, ద్రౌపది. నిండు సభలో ఒంటరిగా నిలబడి న్యాయం అడిగే పాత్రకు ఎవరు దొరికారన్నదే ఆ పోటీని తేల్చే విషయం.

మరుసటేడు, అంటే 1937లో, ‘సారంగధర’లో ఆవిడ చిత్రాంగి వేసింది. సవతి కొడుకు మీద మనసుపడి, కాదన్నందుకు అతని కాళ్ళు చేతులు నరికించే రాణి. చంద్రమతి, ద్రౌపది వేసి జనంతో దణ్ణాలు పెట్టించుకున్న నటి వెంటనే ఈ వేషం ఒప్పుకుంది. ఆ తర్వాత పాతికేళ్ళపాటు తెలుగు హీరోయిన్లు ఇమేజ్ అంటూ భయపడిన తీరుతో పోల్చి చూస్తే ఇది చిన్న ధైర్యం కాదు. నాటకంలో అలాంటి భయం తక్కువ. సోమవారం సావిత్రి వేసినవాళ్ళు మంగళవారం చింతామణి వేస్తారు.

1938లో హెచ్.ఎం. రెడ్డి ‘గృహలక్ష్మి’. సాంఘికం. తాగుడుకూ వేశ్యాలోలత్వానికీ వ్యతిరేకంగా తీసిన కథ. చిత్తూరు నాగయ్యకు అదే తొలి సినిమా. భర్తను వల్లో వేసుకునే నర్తకిగా కాంచనమాల, కష్టాలన్నీ మోసి చివరకు మతి చలించే ఇల్లాలిగా కన్నాంబ. ఈ ఇద్దరి మోజు బజారుకు పాకింది. కాంచనమాల గాజులు, కన్నాంబ లోలాకులు అంటూ దుకాణాల్లో అమ్మేవారు. మా ఇంట్లో ఒక పెద్దావిడ తన పాత లోలాకులను బంగారపువి అనేది కాదు, ‘కన్నాంబవి’ అనేది. అప్పటికి ఆ సినిమా వచ్చి నలభై ఏళ్ళు దాటింది.

1940లో ‘చండిక’. ఇందులో గుర్రపు స్వారీ, కత్తియుద్ధం. విశేషం ఏమిటంటే, నాలుగేళ్ళ కిందట ప్రత్యర్థి సినిమాలో ఉన్న బళ్ళారి రాఘవ ఇందులో ఆవిడ పక్కనే నటించారు.

పద్యం పోయింది, వచనం వచ్చింది

ఇక అసలు చిక్కుముడి. 1940ల నడిమికి ప్లేబ్యాక్ స్థిరపడింది. పాట వేరేవాళ్ళు పాడతారు, తెర మీద పెదవులు కదిపితే చాలు. నాటకంవాళ్ళ ప్రధాన పెట్టుబడి ఒక్కసారిగా సగం విలువకు పడిపోయింది. మొదటి తరం టాకీ తారల్లో చాలామంది ఆ దెబ్బతో తెరమరుగయ్యారు. మరి కన్నాంబ?

ఆవిడను నిలబెట్టింది మద్రాసులోనే పక్క వీధిలో జరుగుతున్న మరో మార్పు. తమిళ సినిమాలో అప్పుడు మాటల రచయిత పెద్దవాడవుతున్నాడు. ఇళంగోవన్ అనే రచయిత పురాణ భాషనూ వీధి భాషనూ పక్కకు పెట్టి, వినసొంపైన సాహిత్య వచనంలో సంభాషణలు రాయడం మొదలుపెట్టారు. అలా రాసినదాన్ని పలకడానికి గొంతు కావాలి. పాడే గొంతు కానక్కర్లేదు. పొడవాటి వాక్యాన్ని ఊపిరి తెగకుండా, అర్థం చెడకుండా, ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో తెలిసి చివరిదాకా మోయాలి. పద్యం చదివినవాళ్ళకు ఇది కొట్టినపిండి. సీసపద్యాన్ని నిలబెట్టగలిగిన ఊపిరికి అరపేజీ వచనం ఒక లెక్క కాదు. పద్యంలో యతి దగ్గర ఆగడం తెలిసినవాళ్ళకు, వచనంలో ఎక్కడ ఆగితే జనం చప్పట్లు కొడతారో ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

1941లో ‘అశోక్ కుమార్’. త్యాగరాజ భాగవతార్ కుణాలుడు, మన నాగయ్య అతని తండ్రి అశోకుడు, కన్నాంబ అశోకుడి రాణి తిష్యరక్షిత. కథ తెలిసినవాళ్ళు ఈపాటికే నవ్వుకుంటుంటారు. ఇదీ సవతి కొడుకును కోరి, దక్కలేదని అతని కళ్ళు పోగొట్టించే రాణి వేషమే. తెలుగు చిత్రాంగి నాలుగేళ్ళ తర్వాత తమిళ తిష్యరక్షిత అయింది. భాష మారినా ఆవిడకు ఆ మనసు లోతు ముందే తెలుసు.

మరుసటి సంవత్సరం, 1942లో, జూపిటర్ ఫిలిం కంపెనీ వారి ‘కణ్ణగి’. పి.యు. చిన్నప్ప ఆమె భర్త కోవలన్. మాటలు ఇళంగోవన్‌వి. చేయని దొంగతనానికి మొగుణ్ణి చంపించిన పాండ్యరాజు సభలోకి జుట్టు విరబోసుకుని, చేత కాలి అందె పట్టుకుని వచ్చే కణ్ణగి. తన అందెను పగలగొట్టి, లోపలున్నవి ముత్యాలు కావు మాణిక్యాలని చూపించి, రాజు తీర్పు తప్పని నిరూపించే ఘట్టం. ఇది తమిళులకు ఒట్టి కథ కాదు, ఆత్మగౌరవం. ఆ పాత్రను తమిళం పుట్టుభాష కాని మనిషి పలికి మెప్పించింది.

ఎలా సాధ్యమైందని అడిగితే నేను మళ్ళీ నాటకం వైపే వేలు చూపిస్తాను. ఒకటి, పరాయి భాషను తన లిపిలో రాసుకుని నేర్చేవాళ్ళు మాటను అలవాటుగా మింగెయ్యరు. ప్రతి అక్షరాన్నీ విడిగా పట్టుకుంటారు. పుట్టుభాషలో మనం సగం సగం పలికి వదిలేసేవి వాళ్ళు పూర్తిగా పలుకుతారు. శాస్త్రీయ సంగీతంలో తెలుగు రాని తమిళ విద్వాంసులు త్యాగరాజ కీర్తనలు పాడటం మనకు తెలిసిందే. ఇది దానికి తలకిందులు అనుకోండి. రెండు, పాండ్యరాజు సభ ఆవిడకు కొత్త కాదు. ఆరేళ్ళ కిందట కౌరవ సభలో నిలబడింది ఈవిడే. అన్యాయం చేసిన మగవాళ్ళ సభలో ఒక్కతే నిలబడి లెక్క అడిగే ఆడది అన్నది కన్నాంబ వేసిన ఒకే ఒక్క గొప్ప వేషం అని నాకనిపిస్తుంది. ద్రౌపది, కణ్ణగి, తర్వాత 1954లో ‘మనోహర’లో పద్మావతి, అన్నీ ఆ వేషానికి వేరువేరు పేర్లు.

‘మనోహర’ దర్శకుడు మన ఎల్.వి. ప్రసాద్, తమిళ మాటలు కరుణానిధి. రాజు ఉంపుడుగత్తె మాయలో పడి రాణిని దూరం పెడతాడు. తండ్రి మీద చెయ్యెత్తనని కొడుకు దగ్గర మాట తీసుకుని, ఆ మాటతోనే కొడుకు చేతులు కట్టేసిన తల్లి ఆ రాణి. కొడుకుగా శివాజీ గణేశన్ సంకెళ్ళలో రంకెలేస్తాడు. చివర్లో ఆవిడ తన మాటను తానే వెనక్కి తీసుకుంటుంది. ఓర్చుకున్నది చాలు, పొంగి లేవమంటుంది. రెండు ముక్కల వాక్యం. దశాబ్దాలపాటు తమిళనాట వేదికల మీదా, మిమిక్రీల్లోనూ తిరిగింది. శివాజీ పేజీలకు పేజీలు పలికిన సినిమాలో జనం ఇంటికి మోసుకెళ్ళిన వాక్యాల్లో ఇది ముందు వరసలో ఉంది. సినిమా అంతా అణచుకున్న గొంతు ఒక్కసారి తెరుచుకోవడమే దాని బలం.

మధ్యలో 1947లో తెలుగు ‘పల్నాటి యుద్ధం’ ఉంది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలో కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. నాయకురాలు నాగమ్మ కన్నాంబ, బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడు కుర్ర అక్కినేని. నాగమ్మను విలన్‌గా చూపడం తేలిక. కన్నాంబ ఆమెను రాజకీయం తెలిసిన మనిషిగా చూపింది. సుబ్బారావుకూ ఆవిడకూ మధ్య మాటలు సాగుతుంటే ఇద్దరు నాటకంవాళ్ళు ఒకరి ఊపిరి ఒకరు కొలుచుకుంటున్నట్టు ఉంటుంది.

కంపెనీ

రాజరాజేశ్వరి పేరు మళ్ళీ వస్తుందన్నాను కదా. భార్యాభర్తలు మద్రాసులో అదే పేరుతో ఫిలిం కంపెనీ పెట్టారు. 1941లో ‘తల్లి ప్రేమ’, తర్వాత ‘సుమతి’, ‘పాదుకా పట్టాభిషేకం’, ‘సౌదామిని’, ‘సతీ సక్కుబాయి’, ‘నాగపంచమి’, ఎన్టీఆర్ శివుడిగా 1962లో ‘దక్షయజ్ఞం’. చాలావాటికి నాగభూషణమే దర్శకుడు.

ఈ జాబితాలో పెద్ద కళాఖండాలు వెతక్కండి. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఇవి నాటక సమాజం పట్టికలు. భక్తి, పాతివ్రత్యం, పురాణం. పద్ధతి కూడా నాటక సమాజానిదే. మనుషులను నెల జీతం మీద పెట్టుకోవడం, ఒకటో తారీఖుకల్లా జీతాలు ఇచ్చేయడం అక్కడి ఆనవాయితీగా చెప్పుకునేవారు. నటి పేరే పెట్టుబడిగా, ఇల్లే ఆఫీసుగా నడిచిన వ్యాపారం. సినిమా ఖర్చులు పెరిగేకొద్దీ ఈ పద్ధతికి ఊపిరాడలేదు. కన్నాంబ పోయాక కంపెనీ నిలవలేదు. ఆవిడ నటన గురించి రాసేవాళ్ళు ఈ కంపెనీ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు కానీ, బయటి సినిమాల్లో ఆవిడ అన్నన్ని తల్లి వేషాలు ఒప్పుకోవడానికి ఇంట్లో ఒక కంపెనీ మేపాల్సి ఉండటం కూడా ఒక కారణం అయ్యుండొచ్చని నా ఊహ.

గొంతు తగ్గించడం

1950లలో అన్నపూర్ణా వారి తరహా కుటుంబ కథలు వచ్చాయి. మైకు బాగుపడింది, కెమెరా దగ్గరికొచ్చింది. శరత్ నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘తోడికోడళ్ళు’ (1957) చూడండి. ఎస్వీఆర్ లాయరు, కన్నాంబ ఆయన భార్య, ఇంటికి పెద్దకోడలు. సూర్యకాంతం గొంతు ఇల్లంతా మోగుతుంటుంది. సావిత్రి మాట పదునుగా ఉంటుంది. వీళ్ళిద్దరి మధ్యా కన్నాంబ గొంతు ఎత్తదు. ఎత్తగలిగిన మనిషి ఎత్తకపోవడం ఆ పాత్రకు బరువు తెచ్చింది. మెతక మనిషి మౌనానికీ, గట్టి మనిషి అణచుకున్న మాటకీ తేడా తెర మీద కనపడుతుంది.

రంగారావుతో ఆవిడ జంట జనానికి ఎంత నచ్చిందంటే, తమిళంలో 1960లో ‘పడిక్కాద మేదై’లో భార్యాభర్తలుగా వేసినవాళ్ళే, అదే కథను తెలుగులో 1962లో ‘ఆత్మబంధువు’గా తీసినప్పుడు మళ్ళీ భార్యాభర్తలయ్యారు. శివాజీ స్థానంలో ఎన్టీఆర్ వచ్చారు, అమ్మానాన్నలు మారలేదు.

అంతా మెచ్చుకోలేనని కూడా చెప్పాలి. ఆఖరి పదేళ్ళలో ఆవిడకు వచ్చిన తల్లి వేషాల్లో సగానికి సగం మూసలో పోసినవి. మంచం, దగ్గు, దేవుడి పటం. వాటిలో కొన్నిచోట్ల పాత పద్యపు సాగదీత అనవసరంగా తొంగిచూస్తుంది. రచయిత ఏమీ ఇవ్వనప్పుడు నాటకంవాళ్ళు గొంతుతో పూడ్చబోతారు, అది దొరికిపోతుంది.

1963లో వచ్చిన ‘లవకుశ’లో ఆవిడ కౌసల్య. రంగుల్లో కనిపిస్తుంది. మరుసటి ఏడాది మే 7న మద్రాసులో కన్నుమూసింది.

తొలి సినిమాల్లో చాలావాటి ప్రింట్లు మనకు దక్కలేదు కాబట్టి చంద్రమతి గొంతు ఎలా ఉండేదో వినే దారి లేదు. కానీ ఒక పని చేయవచ్చు. ‘పల్నాటి యుద్ధం’లో నాగమ్మ మాటలు, ‘మనోహర’ చివరి పది నిమిషాలు, ‘తోడికోడళ్ళు’లో ఇల్లు విడిపోయే ఘట్టం, ఈ మూడూ వరసగా పెట్టుకుని కళ్ళు మూసుకుని వినండి. వాక్యం పూర్తయ్యేదాకా ఆవిడ ఎక్కడా ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడదు.